యాభైవేలవ ప్రయాణికుడు విమానం ఎక్కలేదు

దొంగలు మీరే. ఇంకెవరో కాదు. జిల్లా పరిషత్తు మేడమీద తోలు కుర్చీల్లో కూర్చుని, మా పన్నెండో నంబరు బస్సు గొంతు నులిమి, ఆ డబ్బు పట్టుకెళ్ళి ఒక విమానాల కంపెనీ జేబులో పోసింది మీరే. చేతులెత్తినవాళ్ళు పదిహేడుమంది. ఆ పదిహేడు పేర్లూ గాస్పర్ బార్‌లో కాఫీ యంత్రం పక్కన గోడకి అంటించే ఉన్నాయి. ఆవిరికి కాగితం ముడతలు పడింది గాని పేర్లు చెరగలేదు.

ఇప్పుడు మీరే “మోసం, కుట్ర” అని పత్రికల్లో గుండెలు బాదుకుంటున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాల్సి వస్తోంది.

నియేవెస్ గార్గాయో ఇరవై రెండేళ్ళు పన్నెండో నంబరు బస్సు నడిపింది. పొద్దున ఏడూ పదికి టోర్రెలోబోస్ చర్చి ముందు బయల్దేరి, దారిలో ఏడు ఊళ్ళలో ఆగి, తొమ్మిదింటికి సరగోసా నగరం చేరేది. ఎవరు ఏ రోజు ఎందుకు వెళ్తారో ఆమెకి కంఠతా వచ్చు. రోజూ ఎక్కేవాళ్ళు స్టాపులో కనబడకపోతే హారన్ కొట్టేది. అప్పటికీ రాకపోతే దిగి వెళ్ళి తలుపు తట్టేది. కాస్కారా ఊళ్ళో ఎంగ్రాసియా మెట్లమీంచి పడి తుంటి విరిగి పడి ఉందని లోకానికి తెలిసింది అలాగే. బస్సంటే అది.

డాన్ బాల్డొమేరోకి మాత్రం బస్సంటే పందొమ్మిదిమంది ముసలాళ్ళు. ఆయన జిల్లా పరిషత్తు అధ్యక్షుడు, పేరుముందు ‘డాన్’ మర్యాదకి. మెడలో పట్టు టై, నోట్లో ఎప్పుడూ “భవిష్యత్తు” అనే మాట. “రోజుకి పందొమ్మిదిమంది కోసం ఇంత బస్సా? ఇదేం తెలివి?” అని సభలో అడిగాడు. అడిగి, అదే నోటితో ఫ్లిక్‌జెట్ విమానాల కంపెనీని మా ఊరికి పిలిచాడు.

టోర్రెలోబోస్ బయట పాత మిలటరీ రన్‌వే ఒకటి ఉంది. నలభై ఏళ్ళుగా దానిమీద భరతపక్షులు తప్ప ఏమీ దిగలేదు. ఫ్లిక్‌జెట్ వాళ్ళు వచ్చి, దాని అంచున రేకుల షెడ్డు వేయించుకుని, “సరగోసా సౌత్” అని పేరు పెట్టారు. సరగోసా ఇక్కడికి నూట పన్నెండు కిలోమీటర్లు. మొదటి విమానంలో దిగిన ఇంగ్లీషాయన ఒకడు గడ్డి టోపీ సర్దుకుని “పెద్ద చర్చి ఎటు?” అని అడిగాడు. నియేవెస్ ఎదురుగా ఉన్న కొండ చూపించింది. ఆయన కొండకేసి నడవబోయాడు. “అయ్యో, అది కాదు బాబూ, దాని వెనక కొండ. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత ఎవరినైనా అడగండి,” అంది.

ఒప్పందం ఇలా ఉంది. ఫ్లిక్‌జెట్ అమ్మిన ప్రతి టికెట్టుకీ జిల్లా పరిషత్తు “పర్యాటక ప్రచారం” కింద ఇరవై రెండు యూరోలు ఇవ్వాలి. ఎక్కిన ప్రయాణికుడికి కాదు, అమ్మిన టికెట్టుకి. ఆ ఒక్క మాట కంపెనీ వకీళ్ళు రాశారు. మన వకీళ్ళు చదవకుండా డాన్ బాల్డొమేరో చేత సంతకం పెట్టించారు, ఎందుకంటే హోటల్లో కాల్చిన గొర్రెపిల్ల మాంసం చల్లారిపోతోందట. దాంతోపాటు ఇంకో షరతు కూడా ఉంది. విమానం దిగినవాళ్ళని సరగోసాకీ, ఎక్కబోయేవాళ్ళని సరగోసా నుంచీ చేర్చడానికి ఉచిత బస్సు పరిషత్తే పెట్టాలి.

ఆ బస్సు ఏదనుకున్నారు? అదే. మా పన్నెండే. ఊదారంగు పూసి, పక్కన రెక్కలు గీసి, అదే నియేవెస్‌ని అదే సీట్లో కూర్చోబెట్టారు. అదే రోడ్డు. అవే ఏడు ఊళ్ళు. ఆగడం మాత్రం నిషేధం. నలభై సెకన్లు దాటి ఎక్కడైనా ఆగితే బస్సులో పెట్టిన పెట్టె ఎక్కడో ఉన్న ఆఫీసుకి కబురు పంపుతుంది. ఖాళీ బస్సుతో తన ఇంటిముందు నుంచే ఆమె వెళ్ళిపోవాలి. స్టాపుల్లో నిలబడ్డవాళ్ళు చేతులు చాపేవాళ్ళు. ఆమె ముందుకే చూసేది.

బస్సు రద్దయిందని ఊరికి చెప్పింది ఎవరో కాదు, నియేవెస్ అన్నయ్య రమీరో. అతను పంచాయతీలో చాటింపు మనిషి. గుమస్తా కాగితం చేతికిస్తే, మైకుమీద గోటితో రెండుసార్లు కొట్టి, ఒకసారి ఊది, ఊరి స్తంభాలకున్న లౌడ్‌స్పీకర్లన్నిటిలోంచీ వినబడేలా చదివేవాడు. చేపల బండి వచ్చిందన్నా, నీళ్ళు రావన్నా, ఎవరో పోయారన్నా అతని గొంతే. ముప్ఫై ఏళ్ళలో కాగితం మీద లేని మాట ఒక్కటి పలకలేదు. ఆ రోజు మాత్రం “ఇందుమూలంగా సమస్త ప్రజలకూ తెలియజేయడమేమనగా, పన్నెండో నంబరు బస్సు సోమవారం నుంచి రద్దు” అని చదివి, మైకు కట్టేయకుండా కాస్త ఆగి, తన సొంత మాట ఒక్కటి చేర్చాడు.

“దొంగలు.”

ఊరంతా వినబడింది. పరిషత్తు నుంచి హెచ్చరిక ఉత్తరం వచ్చింది, డాన్ బాల్డొమేరో సంతకంతో. మూడు వారాల తర్వాత రమీరోకి పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాటలు పోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఏమిటో చెప్పక్కర్లేదు.

ఆకలేస్తోందా అంటే దొంగలు. నొప్పిగా ఉందా అంటే దొంగలు. ఫాదరు వచ్చి తలమీద చెయ్యి పెట్టి “దేవుడు నీతోనే ఉన్నాడు నాయనా” అంటే, కళ్ళనీళ్ళతో “దొంగలు” అన్నాడు. ఫాదరు మళ్ళీ రాలేదు.

సరగోసా ఆసుపత్రిలో డాక్టరమ్మ నియేవెస్‌తో తేల్చి చెప్పింది. “చూడమ్మా, మొదటి నెలలే ముఖ్యం. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్ర, పదిన్నరకి ఇక్కడుండాలి. నడక వస్తుంది. మాట కొంతైనా వస్తుంది. మానేస్తే మాత్రం, ఇప్పుడు రానిది ఇక రాదు.”

అంబులెన్సు ఇచ్చారు, కాదనను. అది పదకొండు ఊళ్ళు తిరిగి మనుషుల్ని ఏరుకుంటూ వెళ్తుంది. మొదటి రెండుసార్లూ రమీరో వెళ్ళేసరికి మాట నేర్పే అమ్మాయి గదికి తాళం వేస్తోంది.

నియేవెస్ చేతుల్లో స్టీరింగు ఉంది. వెనక యాభై సీట్లు ఖాళీ. పక్కవీధిలో అన్నయ్య. అయినా తీసుకెళ్ళే వీల్లేదు. ఇన్‌స్పెక్టరు ఒకడు టికెట్లు చూసి గాని ఎవర్నీ ఎక్కనివ్వడు.

దారి దొరికింది గాస్పర్ బార్‌లో. ఆ కంపెనీ టికెట్టు కాగితం ఎయిర్‌పోర్టులో ముద్రించుకుంటే యాభై అయిదు యూరోలు గుంజుతుంది. అందుకని ఊళ్ళో పిల్లాజెల్లా ఎవరు ఎగరాలన్నా గాస్పర్ దగ్గరికే వస్తారు. కాఫీ తాగితే ముద్రణ ఉచితం. నియేవెస్ కాఫీ కలుపుకుంటుంటే గాస్పర్ కంప్యూటరు తెర మీదికి వంగి గట్టిగా చదివాడు.

“నాలుగు యూరోల తొంభై తొమ్మిది సెంట్లంట. లండన్ నుంచి ఇక్కడికి. నా ఆమ్లెట్టు ముక్కే ఐదున్నర. ఏం బతుకే ఇది!”

“నీ ఆమ్లెట్టు ఎగరదుగా,” అంది నియేవెస్.

“ఎగరకపోయినా, తిన్నవాణ్ణి నూట పన్నెండు కిలోమీటర్ల అవతల దింపదు. ఆగు ఆగు, ఇది విన్నావా? ‘ఆ రోజు తేదీతో టికెట్టు కలిగిన ఎవరైనా ఉచిత బస్సులో ప్రయాణించవచ్చు.’”

“అయితే?”

“ఎవరైనా అంటున్నాడే తల్లీ. ‘విమానం దిగినవారు’ అని ఎక్కడుంది? చూపించు. కొనుక్కుంటే చాలు. ఎక్కాలా దిగాలా అనేది వాడికెందుకు?”

నియేవెస్ చెంచా కిందపెట్టింది. “గాస్పర్, మా అన్నయ్య పేరు కొట్టు.”

“లండన్ నుంచేనా అయ్యగారి రాక?”

“లండన్ నుంచే. కిటికీ సీటు వద్దు, దానికి వేరే డబ్బులు అడుగుతాడు.”

సోమవారం పొద్దున రమీరో రేకుల షెడ్డు దగ్గర విమానం దిగినవాళ్ళ వరుసలో, కర్రమీద వాలి, చొక్కా జేబులో కాగితంతో నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు కాగితం చూసి నవ్వాడు.

“ప్రయాణం బాగా జరిగిందా సార్?”

“దొంగలు,” అన్నాడు రమీరో.

“బ్యాగుకి డబ్బులు కట్టించారా?”

“దొంగలు.”

“అందరూ అదే అంటున్నారు సార్. ఎక్కండి, ఎక్కండి.”

పదిన్నరకి రమీరో ఆసుపత్రిలో ఉన్నాడు. మధ్యాహ్నం సాయంకాలపు విమానం టికెట్టు చూపించి తిరుగు బస్సు ఎక్కాడు. ఒక మనిషి రోజంతా లండన్‌కీ మాకూ మధ్య కాగితం మీద ఎగిరి, నిజంగా చెయ్యి కదపడం నేర్చుకుని ఇంటికొచ్చాడు.

ఇలాంటివి ఊళ్ళో దాగుతాయా? వారం తిరక్కముందే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు, నర్సు చదువు చదివే ఇద్దరమ్మాయిలు, ఆసుపత్రిలో మొగుడున్న సెలెడోనియా, పళ్ళసెట్టు సరిచేయించుకోవాల్సిన పోస్టాఫీసు ముసలాయన, అందరూ లండన్ నుంచి దిగడం మొదలుపెట్టారు. గాస్పర్ కాఫీ యంత్రం చల్లారడం మానేసింది.

మిగిలింది ఆ ఏడు ఊళ్ళు. టికెట్టు కొన్నా బస్సు ఆగదు కదా. కాస్కారా స్టాపులో ఎంగ్రాసియా, ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, రోజూ చేతులు కట్టుకుని నిలబడి, బస్సు వెళ్ళేదాకా నియేవెస్ మొహంలోకే చూసేది. తిట్టదు. అదే ఘోరం.

ఒక బుధవారం కాస్కారా మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా గొర్రెలు. ఎంగ్రాసియా మేనల్లుడి మంద అది. రాజుల కాలం నుంచీ ఆ రోడ్డు దాటే హక్కు మందదే. మంద దాటేదాకా లారీ అయినా, మంత్రి అయినా ఆగాల్సిందే. నాలుగు వందల గొర్రెలు. తొందరేమీ లేదు వాటికి. ఎంగ్రాసియా కిటికీ దగ్గరికొచ్చి కర్రతో అద్దం కొట్టింది.

“ఏమే నియేవెస్, కళ్ళు కనబడుతున్నాయా? నా తుంటి విరిగిన రోజు తలుపు తట్టావ్. ఇప్పుడు తలుపు తియ్యడం మర్చిపోయావా?”

“పిన్నీ, టికెట్టుండాలి, లేకపోతే నా ఉద్యోగం...”

ఎంగ్రాసియా కొంగులాంటి నల్ల శాలువాలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. “లండన్ నుంచే వస్తున్నానే పిచ్చిదానా. వెనక ఇంకో అయిదుగురం ఉన్నాం. తియ్యి తలుపు. ఇవి ఇప్పట్లో దాటవు.”

అప్పట్నించి ప్రతి సోమ, బుధ, శుక్రవారాలు ఏడు ఊళ్ళలో ఏడు మందలు సరిగ్గా బస్సు వేళకే రోడ్డు దాటడం మొదలుపెట్టాయి. పెట్టె పంపే కబురుకి నియేవెస్ రాసే జవాబు ఒకటే. “గొర్రెలు.”

పత్రికల్లో డాన్ బాల్డొమేరో వెలిగిపోయాడు. విమానాలు తొంభై ఆరు శాతం నిండుతున్నాయట. “మన జిల్లా ప్రపంచ పటం మీదికెక్కింది” అన్నాడు. ఎక్కింది నిజమే, ఖాళీ సీట్ల మీద కూర్చుని.

ఒకరోజు ఫ్లిక్‌జెట్ స్థానిక మేనేజరు బోర్హా, సరగోసాలో ఆగి ఉన్న బస్సులోకి వచ్చాడు. మాడ్రిడ్ కుర్రాడు, సాక్సులు లేని బూట్లు, జుట్టుకి నూనె కాదు గాని అలాంటిదేదో. ముందు సీట్లో కూర్చుని చూయింగ్ గమ్ చాపాడు.

“నియేవెస్ గారూ, మీ జిల్లాలో గొర్రెలు ఎన్నండీ?”

“లెక్కపెడుతూ నిద్రపోయేవాళ్ళం. ఇప్పుడు రోడ్డు మీదే లెక్కపెడుతున్నాం.”

అతను పగలబడి నవ్వాడు. “దాచకండి, నాకంతా తెలుసు. రోజూ నలభై మంది టికెట్టు కొంటారు, ఎక్కరు. మొదట నేను కూడా కంగారుపడ్డా. హెడ్డాఫీసుకి రాశా. వాళ్ళేమన్నారో తెలుసా? ఆ పల్లెటూరి వాళ్ళకి దణ్ణం పెట్టమన్నారు.”

నియేవెస్ గుడ్డ తీసి ముందు అద్దం తుడవడం మొదలుపెట్టింది.

“మా వ్యాపారం చెప్తా వినండి. అందరూ మేం సీట్లు అమ్ముతామనుకుంటారు. సీటు ఉత్త ఎర. బ్యాగుకి డబ్బులు, నీళ్ళకి డబ్బులు, పక్కపక్కన కూర్చోడానికి డబ్బులు, పేరులో ఒక అక్షరం మార్చడానికి డబ్బులు. అన్నీ ఒకే రకం విమానాలు, ఒకే రకం నట్లు. నేలమీద పాతిక నిమిషాలు, అంతకంటే ఒక్క నిమిషం కూడా ఉండదు. ఊడ్చేది కూడా ఎయిర్ హోస్టెస్ అమ్మాయిలే, చక్రాలు కదిల్తేనే వాళ్ళకి జీతం. ఇన్ని చేసినా ఒక్క ఖర్చు వదలడం లేదు.”

“ఏంటది?”

“ప్రయాణికుడండీ! బరువుంటాడు. ఇంధనం తాగిస్తాడు. ఆలస్యం చేస్తాడు. మీ వాళ్ళో? డబ్బు కడతారు, పరిషత్తు చేత ఇరవై రెండు ఇప్పిస్తారు, రానే రారు. ఇరవై ఏళ్ళుగా మా పెద్దాయన కలగంటున్న ప్రయాణికుడు ఇతనేనండీ. గొర్రెలు కాదు, ఏనుగులు అడ్డమొచ్చినా నేను చూడను. మీరు చూడలేదు, నేను చూడలేదు. సరేనా?”

సరేనంది నియేవెస్. అవును, సరేనంది. ఇక్కడ నోరు నొక్కుకునేవాళ్ళు ముందు ఆమె లెక్క వినండి. అప్పటికి రమీరో ఇరవై రెండు సార్లు వెళ్ళాడు. కర్రమీద, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పది అడుగులు వేస్తున్నాడు. మాట నేర్పే అమ్మాయి అంకెలతో మొదలుపెట్టించింది, ఒకటి నుంచి వరసగా. ఒకటి అని తను అంటే రెండు అనేవాడు, మూడు అంటే నాలుగు. ఇంకా పద్నాలుగు సార్లు మిగిలాయి. పద్నాలుగు సార్లు కళ్ళు మూసుకుంటే ఒక గొంతు తిరిగొస్తుంది. మీరైతే ఏం చేస్తారు?

కళ్ళు మూసుకోనివ్వలేదు. యాభైవేలవ టికెట్టు అమ్ముడయ్యే రోజు వచ్చింది. డాన్ బాల్డొమేరో ఊరుకుంటాడా? రేకుల షెడ్డుకి తోరణాలు, మా ప్రాంతపు జోటా పాటల బృందం, టీవీ, వేలాడదీసిన పంది తొడ మాంసం, ఏడాదిపాటు ఉచిత విమానయానం బహుమతి. యాభైవేలవ ప్రయాణికుడెవరో కంప్యూటరు తేల్చింది. హెడ్డాఫీసు ఒక్క గుండీ నొక్కి పత్రికలన్నిటికీ పేరు పంపేసింది.

రమీరో గార్గాయో.

బోర్హా వేడుకకి ముందురోజు పొద్దున్నే నియేవెస్ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఈసారి చూయింగ్ గమ్ లేదు.

“పేరు వెనక్కి తీసుకోవడం కుదరదు. ఒక్క పని చెయ్యండి. మీ అన్నయ్యని లోపలి గుమ్మంలోంచి, దిగినవాళ్ళతో కలిపి నడిపిస్తాం. ఫొటో, దండ, అయిపోయింది. ఆయన మాట్లాడలేరట కదా?”

“ఒక్క మాట మాట్లాడతాడు.”

“ఇంకేం, ఒక్క మాట చాలు! ఆయన ఆసుపత్రి పూర్తయ్యేదాకా టికెట్లు నా ఖర్చు. ఆలోచించండి.”

ఆమె ఆలోచించింది. అన్నయ్య చొక్కా ఇస్త్రీ చేసింది.

శుక్రవారం ఎనిమిదింటికి విమానం దిగింది. పాతికమంది ఇంగ్లీషువాళ్ళు అయోమయంగా దిగారు. వాళ్ళ మధ్యలో, బోర్హా కుడిచేతికి తగిలించిన చక్రాల పెట్టెతో, కర్రమీద రమీరో గుమ్మం దాటాడు. పది అడుగులు. పదకొండు. బస్సు కోసం వరుసలో ఉన్న మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. అవి విమానానికి కాదు, ఆ పదకొండో అడుగుకి.

డాన్ బాల్డొమేరో చేతులు చాచి కౌగిలించుకున్నాడు. హెచ్చరిక ఉత్తరం మీద సంతకం పెట్టిన చెయ్యే రమీరో వీపు తట్టింది. గుర్తుపట్టలేదు. చదవకుండా సంతకాలు పెట్టేవాడికి మొహాలేం గుర్తుంటాయి?

“సరగోసా సౌత్‌కి స్వాగతం మిత్రమా! చెప్పండి, ప్రయాణం ఎలా ఉంది? మొత్తం స్పెయిన్ వింటోంది!”

టీవీ అమ్మాయి మైకు చాపింది. రమీరో దానికేసి చూశాడు. ఎడంచేతి గోటితో రెండుసార్లు కొట్టాడు. ఒకసారి ఊదాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు.

“దొంగలు.”

పాటల బృందంలో గిటారువాడు తప్పు తీగ మీటి ఆగిపోయాడు. ఇంగ్లీషువాళ్ళు చప్పట్లు కొట్టారు.

“ఉద్వేగం, ఉద్వేగం!” అని బోర్హా ముందుకు దూకాడు. “ఆయనకి మాట రావడం లేదు.”

“దొంగలు,” అన్నాడు రమీరో, ఈసారి డాన్ బాల్డొమేరో టై కేసి చూస్తూ.

టీవీ అమ్మాయి మైకు నియేవెస్ వైపు తిప్పింది. “మీరు చెల్లెలా అమ్మా? ఆయనేమంటున్నారు?”

బోర్హా ఆమెకేసి చూస్తూ తల అడ్డంగా ఆడించాడు. పద్నాలుగు, అనుకుంది నియేవెస్. ఒక్క నవ్వు నవ్వి “సంతోషంగా ఉన్నాడు” అంటే పద్నాలుగూ తనవే. వెనక, వేడుక చూడ్డానికి కాస్కారా నుంచి వచ్చిన ఎంగ్రాసియా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఇంకా ముప్ఫై ఎనిమిదిమంది, అందరి చేతుల్లోనూ కాగితాలు. పక్కన రమీరో ఆమెనే చూస్తున్నాడు. తన వంతు చదివేశాడు అతను. మిగతాది ఆమె చదవాలి.

ఆమె మైకు అందుకుంది. ఏం పలకాలో తెలియక, పుట్టి పెరిగిన ఇంట్లో రోజూ విన్నదే పలికింది.

“ఇందుమూలంగా సమస్త ప్రజలకూ తెలియజేయడమేమనగా, మా అన్నయ్య జన్మలో విమానం ఎక్కలేదు. ఈ పెట్టె కూడా అతనిది కాదు. ఆసుపత్రికి పోవడానికి మాకు బస్సు లేదు కాబట్టి లండన్ నుంచి దిగుతున్నాం. ఇంకా ఎవరెవరు దిగారు ఇవాళ? కాగితాలు ఎత్తండి.”

ముప్ఫై తొమ్మిది కాగితాలు లేచాయి. గాస్పర్ ప్రింటరులో సిరా అయిపోవడం వల్ల సగం కాగితాలు గులాబీ రంగులో ఉన్నాయి.

“మోసం!” అరిచాడు డాన్ బాల్డొమేరో. “పట్టపగలు మోసం! పోలీసుల్ని పిలవండి!”

“ఆగండాగండి,” అన్నాడు బోర్హా. “వీళ్ళు మా గౌరవనీయులైన ఖాతాదారులు. కొన్న టికెట్టుతో బస్సెక్కారు. అందులో మోసం ఏముంది?”

“ఎక్కనివాళ్ళకి నేను ఇరవై రెండు యూరోలు కడుతున్నానా!”

“అమ్మిన టికెట్టుకి అని రాసుంది సార్. సంతకం మీదే.”

“ఆ రోజు భోజనానికి ఆలస్యమవుతోందని మీవాళ్ళే తొందరపెట్టారు!”

“మాంసం బాగుందా మరి?” అని అడిగింది ఎంగ్రాసియా.

షెడ్డంతా గొల్లున నవ్వింది. డాన్ బాల్డొమేరో మొహం పంది తొడ రంగుకి తిరిగింది. ఇలాంటివాళ్ళు నవ్వులపాలైతే తప్పు దిద్దుకోరు, కనబడినవాడి మీద పడతారు. “ఆ ఉచిత బస్సు ఈ క్షణం నుంచి రద్దు!” అన్నాడు. “విమానం ఉంటుంది. బస్సు ఉండదు. చూస్తా ఎలా వెళ్తారో!”

నియేవెస్ బస్సు దగ్గరికి నడిచింది. డ్రైవరు సీటు వెనక గోనెసంచిలో చుట్టి దాచుకున్న రేకు తీసింది. తెల్ల రేకు మీద నల్లని 12. అద్దం వెనక నిలబెట్టింది.

“ఎక్కండి,” అంది. “ఇవాళ్టికి తాళంచెవి నా దగ్గరే ఉంది.”

ఆ రోజు బస్సు ఏడు ఊళ్ళలోనూ ఆగింది. గొర్రెలు లేవు. ఆఫీసుకి కబురు పంపే పెట్టె పిల్లిలా అరుస్తూనే ఉంది, ఎంగ్రాసియా దానిమీద శాలువా కప్పింది. సెలెడోనియా ఆ పంది తొడని కూడా పట్టుకొచ్చింది. ఎప్పుడు కోసుకొచ్చిందో ఎవరూ చూడలేదు. పదీ ఇరవైకి రమీరో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రోజు మాట నేర్పే అమ్మాయి ఒకటి అనలేదు. అతనే మొదలుపెట్టి ఏడుదాకా వచ్చి, అక్కడ ఆగి, చెమటలు తుడుచుకున్నాడు.

సాయంత్రం ఇద్దరు పోలీసులొచ్చి ఆమె దగ్గర తాళంచెవి తీసుకున్నారు. ఒకడి తల్లి రోజూ లండన్ నుంచి దిగేదే, కాబట్టి వాడు తలెత్తలేదు. బస్సుని పరిషత్తు షెడ్డులో పెట్టి గొలుసు వేశారు. సోమవారం రమీరో వెళ్ళలేదు. బుధవారం వెళ్ళలేదు. విమానం మాత్రం రెండుసార్లూ వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు దిగి, బస్సు ఏదని అడిగి, గాస్పర్ బార్‌లో ఐదున్నర యూరోల ఆమ్లెట్టు తిని, కొండలకేసి చూస్తూ కూర్చున్నారు.

ఇవాళ గురువారం. మధ్యాహ్నం పన్నెండింటికి పంచాయతీ గుమస్తా తాళం వేయడం మరిచిపోయాడు. మరిచిపోయాడనే రాయండి. నియేవెస్, రమీరో మైకు గదిలోకి వెళ్ళారు. రమీరో గోటితో రెండుసార్లు కొట్టాడు, ఒకసారి ఊదాడు. నియేవెస్ చదివింది. చేపల బండి దగ్గర ఆడవాళ్ళు చేతిలో సంచులతోనే ఆగిపోయారు.

“ఇందుమూలంగా జిల్లా పరిషత్తు వారికి తెలియజేయడమేమనగా, టికెట్టుకి మీరిచ్చే ఇరవై రెండు యూరోలు ఆపండి. ఆ డబ్బుతో పన్నెండో నంబరు బస్సు నడపండి. ఏడు ఊళ్ళలోనూ ఆపండి. రేపు శుక్రవారం. బస్సు పాత వేళకే చర్చి ముందు ఉండాలి. టైము మా అన్నయ్య చెప్తాడు.”

రమీరో మైకు మీదికి వంగాడు. పెదాలు కదిలాయి. అలవాటైన మాట రాబోయింది, దాన్ని మింగాడు.

“ఏడు,” అన్నాడు.

లౌడ్‌స్పీకర్లలో ఊరంతా అతని ఊపిరి వినబడింది. ఏడు తర్వాత ఎనిమిది రావాలి. అతను ఎనిమిదిని దాటాడు. తొమ్మిదిని దాటాడు.

“పది.”

విన్నారు కదా. షెడ్డు గొలుసు తియ్యండి.